సేబర్ 2 150 సగం ధరకే వస్తోంది, తీసుకోవచ్చా? స్కైడైవింగ్‌లో మొదటి కెనోపీ (పారాచూట్ రెక్క) ఎంపిక, దాన్ని నేర్చుకునే పద్ధతి

తమ్ముడూ, చదివే మిగతావాళ్ళకి కూడా తెలియాలి కాబట్టి నువ్వడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తాను. ఒంటి బరువు 78 కిలోలు. 42 జంపులు, యూఎస్‌పీఏ (అమెరికా స్కైడైవింగ్ సంఘం) వాళ్ళ మొదటి మెట్టైన ఏ లైసెన్స్. ఇప్పటిదాకా అద్దె రిగ్గుల్లో (వీపుకి తగిలించుకునే పారాచూట్ల సెట్) 230 చదరపు అడుగుల కెనోపీ మీదే ఎగిరావు. ఉద్యోగం తిరుపతిలో, దూకడం ఏడాదికి రెండు ట్రిప్పులు. ఇప్పుడొకాయన సేబర్ 2 మోడల్, 150 చదరపు అడుగుల కెనోపీతో పూర్తి రిగ్గు సగం ధరకి ఇస్తానంటున్నాడు, "నీ బరువు తయారీదారు పరిమితి లోపలే ఉంది" అని భరోసా కూడా ఇచ్చాడు. దాంతోపాటు, ఇక్కడి కొండల మీంచి గ్రౌండ్ లాంచ్ చేసి (కెనోపీ విప్పుకుని వాలు మీంచి పరిగెత్తి ఎగిరి) ప్రాక్టీస్ చేసుకోవచ్చా అని అడిగావు.

ఆ 150 వద్దు. కొండల మీంచి అసలే వద్దు. ఎందుకో లెక్కతో చెప్తాను.

వింగ్ లోడింగ్ అంటే విమానం తలుపు దగ్గర నిలబడినప్పటి నీ మొత్తం బరువుని పౌండ్లలో తీసుకుని, కెనోపీ చదరపు అడుగులతో భాగిస్తే వచ్చే సంఖ్య. చాలామంది ఇక్కడే ఒంటి బరువుతో లెక్కేసి తప్పుతారు. రిగ్గు, హెల్మెట్, బూట్లు, జంప్‌సూట్ కలిపి మరో 12 కిలోలు వేసుకో. 90 కిలోలు, అంటే 198 పౌండ్లు. 230 మీద నీ లోడింగ్ 0.86. 210 మీద 0.94, 190 మీద 1.04, 170 మీద 1.16, ఆ 150 మీద 1.32.

0.86 నుంచి 1.32కి పోతే ఏమవుతుంది? కెనోపీ వేగం లోడింగ్ వర్గమూలంతో పెరుగుతుంది. ఆ లెక్కన 150 మీద నువ్వు దాదాపు 24 శాతం ఎక్కువ వేగంతో పోతుంటావు. నేలకి తగిలితే పడే దెబ్బ వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది సగానికి పైగా ఎక్కువ. ఇదంతా తిన్నగా ఎగిరేటప్పటి సంగతి. మలుపులో తేడా ఇంకా పెద్దది. చిన్న కెనోపీకి తాళ్ళు పొట్టివి, నువ్వు దాని కింద లోలకంలా ఊగే దూరం తక్కువ, అందుకే టాగుల్ (తిప్పడానికి, బ్రేకు వేయడానికి చేత్తో లాగే పిడి) లాగగానే చటుక్కున వంగి డైవ్‌లోకి దిగుతుంది. 230 అయితే అదే చేతి కదలికకి ఒక క్షణం ఆలోచించుకునే టైమిస్తుంది.

తయారీదారు పరిమితి అన్న మాట నిజమే కావచ్చు. అయితే ఆయన చూపించింది ఏ వరుస? తయారీదారుల పట్టికల్లో ఒకే సైజుకి కొత్తవాళ్ళకి ఒక బరువు, మధ్యస్థులకి ఒకటి, నిపుణులకి ఒకటి, చివర్న గరిష్ఠం అని వేర్వేరుగా ఉంటాయి. గరిష్ఠం అన్నది వేల జంపులు చేసినవాళ్ళ కోసం. నువ్వు చూడాల్సింది కొత్తవాళ్ళ వరుస.

కోచ్‌లు ఎక్కువగా వాడే మోటు లెక్క ఒకటుంది. మొదటి 100 జంపుల దాకా లోడింగ్ 1.0 దాటకూడదు, ఆ తర్వాత ప్రతి 100 జంపులకి 0.1 మాత్రమే పెంచుకోవచ్చు. ఇది పైకప్పు, అక్కడిదాకా ఎక్కి తీరాలని ఎవరూ అనరు. నీ లెక్కన 1.32 రావడానికి 400 జంపులు దాటాలి. ఏడాదికి రెండు ట్రిప్పులు చేసేవాళ్ళకి నా మాట ఇంకా కటువుగానే ఉంటుంది: ఆ పైకప్పుకి ఒక మెట్టు కిందే ఉండు. ఏ లైసెన్స్ వాళ్ళు 60 రోజులు దూకకపోతే ఇన్‌స్ట్రక్టర్‌తో రిఫ్రెషర్ చేయమని యూఎస్‌పీఏ చెప్పేది ఊరికే కాదు. నీ ట్రిప్పుల మధ్య గడువు దానికి మూడింతలు. ప్రతి ట్రిప్పులో మొదటి రెండు మూడు జంపులకి చేతులు తుప్పు పట్టి ఉంటాయి, ఆ జంపుల్ని తట్టుకునే కెనోపీ కావాలి.

నీతోపాటు దూకే 50 కిలోల స్నేహితురాలికి కూడా ఈ లెక్కే పెడదామనుకున్నావు చూడు, అక్కడ పొరపడొద్దు. ఆమె సామాను చిన్నది కాబట్టి 10 కిలోలే కలిపినా తలుపు దగ్గరి బరువు 60 కిలోలు, 132 పౌండ్లు. 1.0 అని 132 చదరపు అడుగుల కెనోపీ ఇచ్చామంటే కొత్తమ్మాయి చేతిలో చాలా చురుకైనది పెట్టినట్టే. లోడింగ్ ఒకటే అయినా పొట్టి తాళ్ళున్న చిన్న కెనోపీ పెద్దదానికంటే వేగంగా స్పందిస్తుంది. ఆమెకి 170 సరిపోతుంది, లోడింగ్ 0.78. బాగా అలవాటయ్యాక 150.

కాబట్టి నీ దారి ఇది. వచ్చే ట్రిప్పులో మొదటి జంపు 230 మీదే చేసి, ఆనక 210 అద్దెకి తీసుకో. పైకప్పు 1.1కి చేరేదాకా, అంటే 200 జంపుల దాకా, 210 మీదే ఉండు. కొనేటప్పుడు 190 కొను. ఒకేసారి ఒక సైజు మాత్రమే తగ్గాలి, అదే జంపులో మోడల్ కూడా మార్చకూడదు. రకం విషయానికొస్తే తొమ్మిది సెల్స్‌ది (రెక్కలోని గాలి గదులు), కొద్దిగా మాత్రమే అంచులు సన్నగిల్లినది తీసుకో. సేబర్ 2, సఫైర్, పైలట్ అన్నీ ఈ కోవలోవే, సేబర్ 2లో తప్పు లేదు, సైజే తప్పు. ఏడు సెల్స్ స్పెక్టర్ కూడా మంచిదే, తెరుచుకోవడం మెత్తగా ఉంటుంది, కాకపోతే ఫ్లేర్ (దిగే ముందు రెండు టాగుల్స్ లాగి వేగం తగ్గించడం) లాగే టైమింగ్ కొంచెం కచ్చితంగా ఉండాలి. పూర్తి ఎలిప్టికల్, క్రాస్‌బ్రేస్డ్ (నిపుణుల కోసం చేసిన చురుకైన రకాలు) అన్న మాటలు కనబడితే ఆ ప్రకటన మూసేయ్.

అసలు చిక్కు ఇంకోటుంది. రిగ్గులో కెనోపీ మారిస్తే సరిపోదు, కంటైనర్ (కెనోపీలు మడిచిపెట్టే వీపు సంచి) కూడా ఆ సైజుకే కుట్టి ఉంటుంది. 150 కోసం కుట్టిన కంటైనర్‌లో 190 పట్టదు. బలవంతంగా కుక్కితే మూతని పట్టే పిన్ను బిగుసుకుపోయి, కెనోపీ ఉన్న బ్యాగు సరిగ్గా బయటికి రాక అసలుకే మోసం. అంటే సగం ధర రిగ్గు కొన్నావంటే ఆ 150 మీదే ఎగరమని నిన్ను నువ్వే కట్టేసుకున్నట్టు. 190కి కుట్టిన దాంట్లో సాధారణంగా 170 కూడా సర్దుకుంటుంది, కొన్నిట్లో 210 కూడా బిగుతుగా పడుతుంది. ఆ కంటైనర్ తయారీదారు పట్టిక అడిగి చూసుకో. రిజర్వ్ (మెయిన్ కెనోపీ పనిచేయకపోతే వాడే రెండో పారాచూట్) సైజు కూడా అడుగు. 150 మెయిన్ ఉన్న రిగ్గులో రిజర్వ్ ఇంకా చిన్నది ఉండే అవకాశమే ఎక్కువ. స్పృహ తప్పితే ఏఏడీ (దానంతటదే పనిచేసే పరికరం) తెరిచేది రిజర్వ్‌నే, ఆ మనిషి టాగుల్ ముట్టుకోకుండా దిగేది దాని మీదే, అది 190కి తగ్గకుండా ఉంటే మంచిది. హార్నెస్ (ఒంటికి బిగించుకునే పట్టీలు) కూడా ఒంటి కొలతకే కుట్టి ఉంటుంది. అమ్మేవాడు నీకంటే పొట్టివాడైతే తొడ పట్టీలు, ఛాతీ పట్టీ సరిగ్గా కూర్చోవు.

ఇక ఎగరడం. కెనోపీ బాగుండి, పూర్తిగా తెరుచుకుని ఉండగానే మనుషులు చనిపోయేది, కాళ్ళు విరగ్గొట్టుకునేది ముఖ్యంగా ఒక్క పనివల్ల: నేలకి దగ్గర్లో టాగుల్ లాగి తిరగడం. ఎవరో అడ్డొస్తారు, లేదా గాలికి ఎదురుగా లేనని చివర్లో గుర్తొస్తుంది, చెయ్యి దానంతటదే కిందికి పోతుంది. కెనోపీ వంగగానే నువ్వు పక్కకి ఊగుతావు, ఎత్తిపట్టే బలం పక్కకి ఒరుగుతుంది, కెనోపీ ముక్కు కిందికి పెట్టి దూకుతుంది. నువ్వు మళ్ళీ దాని కిందికి ఊగి వచ్చేదాకా ఎంత ఫ్లేర్ లాగినా పూర్తిగా ఫలించదు. ఆ లోపే నేల వచ్చేస్తుంది. అందుకే చివర్లో ఏం మర్చిపోయినా ఈ వరుస మర్చిపోకూడదు: రెక్క సమంగా, తిన్నగా ఉండాలి, ముందు అడ్డంకి లేని చోటుండాలి, కనీసం సగం బ్రేకుల దాకా ఫ్లేర్ లాగాలి, కాళ్ళు కలిపి దొర్లాలి. గాలికి ఎదురుగా దిగడం ఈ నాలుగింటిలో లేదు, చూశావా. గాలితోపాటు దిగితే దొర్లి బట్టలు చిరుగుతాయేమో, కింద మలుపు తిరిగితే నడుము విరుగుతుంది.

ఆ చేతి అలవాటు మార్చాలంటే పైన సాధన చేయాలి. విమానం పైలట్‌కి, ఇన్‌స్ట్రక్టర్‌కి ముందే చెప్పి, అందరి తర్వాత దూకి, 5,000 అడుగుల్లో తెరువు. తెరవగానే బ్రేకులు (టాగుల్స్) విప్పకుండా వెనక రైజర్లు (హార్నెస్‌ని తాళ్ళకి కలిపే పట్టీలు) పట్టుకుని కుడికి 90 డిగ్రీలు, ఎడమకి 90 డిగ్రీలు తిప్పు. తెరుచుకున్న వెంటనే ఎదురుగా ఇంకో కెనోపీ కనబడితే తప్పించుకునే అతి త్వరైన మార్గం అదే, టాగుల్స్ వెతుక్కునే టైముండదు. తర్వాత బ్రేకులు విప్పి కెనోపీ నలుచదరంగా ఉందా, నిలకడగా ఉందా, రెండు పక్కలకీ తిరుగుతోందా, ఫ్లేర్ అవుతోందా చూసుకో. 2,500 అడుగులకి దిగేలోపు దాని మీద నమ్మకం కుదరకపోతే కట్ అవే చేసి (మెయిన్‌ని వదిలేసి) రిజర్వ్ తెరువు. ఏ లైసెన్స్‌కి నిర్ణయం తీసుకునే ఎత్తు అదే. తెరవాల్సిన కనీస ఎత్తు 3,000.

నమ్మకం కుదిరితే స్టాల్ (కెనోపీ ఎగరడం మానేసే చోటు) వెతుకు. రెండు టాగుల్స్ నాలుగైదు సెకన్లు తీసుకుంటూ నెమ్మదిగా కిందికి దించు. చెవుల్లో గాలి చప్పుడు తగ్గిపోతుంది. కెనోపీ కొద్దిగా వణుకుతుంది. తర్వాత వెనక్కి జారినట్టు, కుర్చీ లాగేసినట్టు అవుతుంది. అక్కడ నీ చేతులు ఎక్కడున్నాయో చూసి గుర్తుపెట్టుకో, తుంటి దగ్గరా, ఇంకా కిందా? అదే నీ ఫ్లేర్‌కి అడుగు గీత. పైకి వదిలేటప్పుడే జాగ్రత్త. చేతులు గభాలున పైకి వదిలితే కెనోపీ నిన్ను దాటి ముందుకి దూకుతుంది, ఒక చెయ్యి ముందు, ఒకటి వెనక అయితే తాళ్ళు మెలి పడతాయి. రెండు చేతులూ సమంగా, అరచెయ్యంత అరచెయ్యంత వదులు. ఈ పనంతా 2,500 పైనే ముగించు.

తర్వాత బ్రేకుల్లో మలుపు. రెండు చేతులూ సగం దాకా దించి పట్టుకో, ఆపైన తిరగాల్సిన వైపుకి ఎదురు చెయ్యి కొద్దిగా పైకి వదులు. కుడికి తిరగాలంటే ఎడమ చెయ్యి లేస్తుంది. కెనోపీ వంగకుండా, బల్లపరుపుగా తిరుగుతుంది. ఇప్పుడు అల్టీమీటర్ చూసి కొలువు: మామూలుగా టాగుల్ లాగి 90 డిగ్రీలు తిరిగితే ఎన్ని అడుగులు పోయాయి, ఇలా తిరిగితే ఎన్ని? ఆ రెండు సంఖ్యలు లాగ్‌బుక్‌లో రాసుకో. ఒకసారి కళ్ళతో చూస్తే తక్కువ ఎత్తులో నీ చెయ్యి ఏది చేయాలో ఇంకొకరు చెప్పక్కర్లేదు. ప్రతి జంపులో రెండేసి చేస్తే చాలు, ఒకే జంపులో అన్నీ కుక్కకు.

ప్యాటర్న్ (దిగే ముందు తిరిగే దారి) సంగతి నీకు తెలిసిందే: 1,000 అడుగుల్లో గాలితోపాటు, 600లో అడ్డంగా, 300లో ఎదురు. 300 తర్వాత పెద్ద మలుపులుండవు. ఫ్లేర్‌లో కొత్తవాళ్ళు చేసే తప్పులు మూడు. కాళ్ళ కిందికి చూడటం మొదటిది. చూపు ముందుకి, దిగబోయే చోటుకి, నింగీ నేలా కలిసే అంచుకి మధ్య ఉండాలి, అప్పుడే పది పన్నెండు అడుగుల ఎత్తు తెలుస్తుంది. రెండోది, ముందే లాగేశానని గ్రహించి చేతులు మళ్ళీ పైకి వదిలేయడం. అదే అసలు ప్రమాదం. ఉన్నచోటే పట్టుకుని, నేల దగ్గరకొచ్చాక మిగతాది పూర్తి చేసి దొర్లాలి. మూడోది, పడిపోతానేమోనని ఒక చెయ్యి చాపడం. చెయ్యి చాపిన వైపు టాగుల్ కిందికి పోతుంది, కెనోపీ అటే తిరుగుతుంది, నువ్వు చెయ్యి మీదే పడతావు.

170కి పోవడానికి ముందు 190 మీద ఇవన్నీ చేతికి రావాలి: గాలి లేనప్పుడు నిలబడి దిగడం, పక్కగాలిలో తిన్నగా దిగడం, ఫ్లేర్ లాగుతూనే కొద్దిగా తిరగడం, పది మీటర్ల వృత్తంలో పదికి ఏడెనిమిదిసార్లు పడటం. బీ లైసెన్స్‌కి 50 జంపులతోపాటు కెనోపీ కోర్సు, పది మీటర్ల లోపు పది ల్యాండింగ్‌లు ఎలాగూ కావాలి. 50 నిండగానే ఆ కోర్సు చేసేయ్. రిగ్గు డబ్బుల్లోంచి ముందు దానికి తీసిపెట్టు. హైదరాబాదులో విండ్ టన్నెల్ ఉంది కదా అనొచ్చు. అది ఫ్రీఫాల్‌కి భేషైనది, కెనోపీకి అక్షరం కూడా నేర్పదు.

మన ఎండలు మర్చిపోవద్దు. తిరుపతి సముద్ర మట్టానికి దాదాపు 160 మీటర్లు. మే నెలలో 42 డిగ్రీలుంటే ఇక్కడి గాలి 4 వేల అడుగుల ఎత్తులో ఉండేంత పల్చనవుతుంది. కెనోపీ వేగం 6 శాతం పెరుగుతుంది, దెబ్బ బలం 12 శాతం. నువ్వు దూకడానికి పోయే హర్యానాలోని నార్నౌల్‌లో వేసవి మధ్యాహ్నం ఇదే పరిస్థితి, పైగా సుడిగాలులు. ఎర్రమట్టి గిర్రున లేస్తూ కనబడితే అది నయం, తప్పించుకోవచ్చు. గడ్డి మీద తిరిగేది కనబడదు. ఆ నెలల్లో ఉదయం, సాయంత్రం మాత్రమే దూకు. భవనాలు, చెట్ల వెనక గాలి వాటి ఎత్తుకి పది నుంచి ఇరవై రెట్ల దూరం దాకా చెదిరి ఉంటుంది.

కొండల మాట. స్కైడైవింగ్ కెనోపీ ఒక అడుగు దిగేలోపు రెండున్నర, మూడు అడుగులే ముందుకి పోతుంది. పారాగ్లైడర్ మామూలుగా ఎనిమిది అడుగులో, అంతకంటే ఎక్కువో పోతుంది. వాలు మీంచి దూకితే నువ్వు వాలు మీదే పడతావు. శేషాచలం కొండల్లో జాతీయోద్యానం ఉంది, అడవిశాఖ వాళ్ళు పట్టుకుంటారు, రేణిగుంట విమానాశ్రయం పక్కనే. ఈ ఆలోచన ఇక్కడితో ఆపేయ్.

ఇంట్లో ఉండి చేయగలిగేవి మాత్రం ఉన్నాయి. దొర్లడం ఒకటి. స్వర్ణముఖి ఇసుకలో, రెండడుగుల గట్టు మీంచి మొదలుపెట్టు. కాళ్ళు, మోకాళ్ళు అతికించినట్టు కలిపి, పాదం ముందుభాగం, పిక్క, తొడ పక్క, పిరుదు, వీపు కండ అన్న వరుసలో పడాలి. ఎన్‌సీసీలో ఆగ్రా పారా కోర్సు చేసినవాళ్ళు ఎస్వీ యూనివర్సిటీలో ఎవరైనా ఉంటే వాళ్ళ దగ్గర నేర్చుకో, దీన్లో వాళ్ళని మించినవాళ్ళు లేరు. అయితే వాళ్ళు దిగింది గుండ్రటి పారాచూట్‌తో, దానికి ఫ్లేర్ ఉండదు, కాబట్టి పైన ఏం చేయాలో మాత్రం వాళ్ళనడగకు.

రెండోది చోటు చూడటం. తిరుమల నుంచి దిగే ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి ఊరు కనబడే చోటు, పట్నానికి దాదాపు రెండు వేల అడుగుల ఎత్తు. కెనోపీ సరిచూసుకున్నాక నువ్వుండేది ఇంచుమించు అంతే. అక్కణ్ణించి పొగ ఎటు పోతోందో చూసి గాలి చెప్పు. డ్రాప్‌జోన్‌కి (దిగాల్సిన మైదానానికి) చేరలేకపోతే ఎక్కడ దిగుతావో ఎంచు. పైనుంచి మామిడి తోపులు పరుపుల్లా ఉంటాయి, కింద కొమ్మలు ఈటెల్లా ఉంటాయి. చెరకు తోటలో అయితే నేలని చూసి కాదు, చెరకు కొసని చూసి ఫ్లేర్ లాగాలి. తీగలు పైనుంచి కనబడవు, స్తంభాలు కనబడతాయి, రెండు స్తంభాలుంటే మధ్యలో తీగ ఉన్నట్టే లెక్క. పొలాల్లో గట్టులేని బావులు చూసుకో.

పాత సామాను కొనేటప్పుడు రిగ్గర్ (పారాచూట్లు తనిఖీ చేసే నిపుణుడు) లేకుండా డబ్బులివ్వకు. ఆయన చూడాల్సినవి నువ్వూ తెలుసుకో. కెనోపీ మీది లేబుల్‌లో తయారీ తేదీ, సీరియల్ నంబరు ఉంటాయి. తాళ్ళు ఏ రకం, వాటి మీద ఎన్ని జంపులు? స్పెక్ట్రా తాళ్ళు స్లైడర్ (తెరుచుకునేటప్పుడు తాళ్ళ వెంట కిందికి జారే బట్ట) రాపిడి వేడికి కురచనవుతాయి, బయటివి, స్టీరింగ్‌వి ఎక్కువగా. బ్రేకు తాళ్ళు కురచనైతే చేతులు పూర్తిగా పైన ఉన్నా కెనోపీ తోక కొద్దిగా వంగే ఉంటుంది, కెనోపీ బ్రేకుల్లోనే ఎగురుతుంది, ఫ్లేర్ పస తగ్గుతుంది. వెక్ట్రాన్, హెచ్‌ఎంఏ కురచనవ్వవు, కానీ అరిగాక తెగుతాయి, హెచ్‌ఎంఏ అయితే పైకి బాగానే కనబడుతూ తెగొచ్చు. తయారీదారు ట్రిమ్ పట్టికతో (తాళ్ళ పొడవుల జాబితా) ఒక్కో తాడూ కొలిపించు. పైలట్ చూట్ (మెయిన్‌ని బయటికి లాగే చిన్న పారాచూట్) లోపలి తాడు, కిల్ లైన్, కురచనైందా, స్లైడర్ రింగులకి గాట్లున్నాయా, మెయిన్‌ని వదిలించే మూడు రింగుల దగ్గర పట్టీ గరుకెక్కిందా చూడాలి. ఏఏడీకి తయారీదారు పెట్టిన ఆయుష్షు, సర్వీసు తేదీలుంటాయి. అవి దాటినదానికి పైసా లెక్కకట్టకు.

ఇంటికి తెచ్చాక బాల్కనీ ఎండలో పెట్టకు, నైలాన్‌ని ఎండ తినేస్తుంది. కారు డిక్కీలో వదలకు. మెట్ల కింద ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన అసలు వద్దు. యాసిడ్ చుక్క పడిన చోట బట్ట చూడ్డానికి బాగానే ఉంటుంది, లాగితే చిరుగుతుంది. ఎలుకలు దూరని ఇనప బీరువాలో, పొడిగా ఉండేలా పెట్టు.